‘డిజాస్టర్’: ఆపదా, విపత్తా, రసాభాసా?

ప్రశ్న: బరంపురంలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, వాళ్ళ తాతగారు పెరట్లో నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి ఎముక విరగడంతో నాలుగు రోజులు బడికి వెళ్ళలేదు. సెలవు చీటీలో ‘డ్యూ టు ఎ డిజాస్టర్ ఇన్ అవర్ ఫ్యామిలీ’ అని రాసింది. టీచరుగారు ఆ మాట కింద ఎర్రగీత గీసి ‘యాక్సిడెంట్’ అని దిద్దారు. మా ఇంట్లోని నిఘంటువులో డిజాస్టర్‌కు ‘ఆపద, విపత్తు’ అని స్పష్టంగా ఉంది. ముసలాయనకు వచ్చినది ఆపద కాక మరేమిటి? మాస్టారూ, దయచేసి వివరించగలరు.

జవాబు: అమ్మా, టీచరుగారు దిద్దినది సరైనదే. అయితే మీ అమ్మాయి పొరపాటుకు మూలం ఇంగ్లీషులో లేదు, ‘ఆపద’ అనే మన మాటలో ఉంది. తెలుగులో ఆపద అనేది ఎక్కువగా మనిషి చిక్కుకొని ఉండే స్థితి. ‘ఆపదలో ఉన్నాడు’ అంటాం, ‘ఆపదలో ఆదుకున్నాడు’ అంటాం, వేంకటేశ్వరస్వామిని ఆపద మొక్కులవాడని పిలుస్తాం. ఈ మాటలన్నింటిలోనూ గట్టెక్కే దారి ఇంకా మిగిలే ఉంది. డిజాస్టర్ అలా కాదు, అది నష్టం జరిగిపోయిన సంఘటనకు పెట్టే పేరు. అందుకే ‘హి ఈజ్ ఇన్ డిజాస్టర్’ అని ఇంగ్లీషువారు అనరు. ‘ఇన్ డేంజర్’ అనో ‘ఇన్ ట్రబుల్’ అనో అంటారు. ఆపద తప్పిపోయిన సందర్భంలో మాత్రం రెండు భాషలూ కలుస్తాయి, ‘డిజాస్టర్ వజ్ అవర్టెడ్’ అనడం చక్కని ప్రయోగం.

ఇక పరిమాణం సంగతి. మన దేశంలో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఈ మాటకు నిర్వచనం ఇస్తూ, ప్రకృతివల్ల గానీ మనుషులవల్ల గానీ, ప్రమాదంవల్ల గానీ నిర్లక్ష్యంవల్ల గానీ సంభవించి, ప్రాణాలకో ఆస్తికో పర్యావరణానికో భారీ నష్టం కలిగించి, ఆ ప్రాంతపు జనం తట్టుకోగల శక్తిని మించిపోయేది అని చెప్పింది. ఈ చివరి షరతే కీలకం. మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాలవారికి దీనిని చట్టం చదివి తెలుసుకోవలసిన పని లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లవారి చూస్తే మా వీధిలో ప్రతి గుమ్మానికీ అడ్డంగా ఒక చెట్టో కరెంటు స్తంభమో పడి ఉంది. గొడ్డలి ఉన్నవాడు సైతం ముందు తన గుమ్మం ముందున్న కొమ్మలు నరుక్కుంటే తప్ప పక్కింటి తలుపు దాకా వెళ్ళలేకపోయాడు. మీ తాతగారు పడినప్పుడు ఇరుగుపొరుగువారు పరుగెత్తుకొని వచ్చే ఉంటారు, ఆటో పిలిచే ఉంటారు. పక్కింటివాడు రాగలిగితే యాక్సిడెంటనీ, రాలేకపోతే డిజాస్టరనీ నేను పిల్లలకు గుర్తు చెబుతుంటాను. వ్యాకరణపండితులు ఒప్పుకోకపోవచ్చు గానీ, పరీక్షలో పనికివస్తుంది.

ఇంతవరకు సులువే. అసలు చిక్కు ‘ద వెడ్డింగ్ లంచ్ వజ్ ఎ డిజాస్టర్’ వంటి వాక్యాలతో వస్తుంది. అన్నం చాలలేదు, సాంబారు మాడింది, మగపెళ్ళివారు అలిగారు. ఎవరికీ గోరంత గాయం కూడా కాలేదు, అయినా ఇంగ్లీషువారు డిజాస్టర్ అనే అంటారు. ఇక్కడ ఆ మాటకు తెలుగు విపత్తు కాదు, రసాభాస. మనం రెండు వేర్వేరు మాటలతో చెప్పే సంగతులను వారు ఒకే మాటతో చెప్పి, తేడాను వాక్యంలో ఆ మాటకు ఇచ్చిన చోటును బట్టి తెలియజేస్తారు. ‘ఫలానాది ఎ డిజాస్టర్’ అని వాక్యం చివర తీర్పులాగా వస్తే అది చాలాసార్లు రసాభాసే. ‘డిజాస్టర్ స్ట్రక్ ఎట్ మిడ్‌నైట్’ అని కర్తగా ముందుకు వస్తే సాధారణంగా నిజమైన ఉపద్రవమే. మొదటి దానిలో ‘ఎ’ తప్పనిసరి, రెండవ దానిలో ‘ఎ’ ఉండదు. ‘ఎండెడ్ ఇన్ డిజాస్టర్’ అన్నప్పుడూ ఉండదు. తెలుగులో గానీ ఒడియాలో గానీ ఇటువంటి ‘ఎ’ లేదు కాబట్టి, రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలు ‘లంచ్ వజ్ డిజాస్టర్’ అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. మరొక తప్పు విశేషణంలో జరుగుతుంది: డిజాస్ట్రస్ అన్నప్పుడు ‘టి’ తరువాతి ‘ఇ’ అక్షరం ఎగిరిపోతుంది, దానిని ఉంచి రాయకూడదు.

సినిమావాళ్ళ డిజాస్టర్ కూడా ఈ తీర్పు జాతిదే. విచిత్రమేమిటంటే, దానికి ఎదురుగా వాడే బ్లాక్‌బస్టర్ రెండవ ప్రపంచయుద్ధంలో విమానాలనుంచి పడవేసిన పెద్ద బాంబులకు పేరు.

‘ట్రాజెడీ’ని మాత్రం విందుకు అంటగట్టకండి, దానిలో దుఃఖం ఉండాలి. ‘కలామిటీ’ మన ప్రభుత్వ కాగితాలలో ఎక్కువగా కనిపించే మాట, నిత్యసంభాషణలో బరువుగా వినిపిస్తుంది.

మరొక సభ్యులు (పర్లాకిమిడి): మాస్టారూ, 2018లో తిత్లీ తుఫాను తరువాత మాకు వచ్చిన ఒడియా కాగితాలలో డిజాస్టర్‌కు ‘బిపర్జ్యయ’ అని ఉండేది. అది మన ‘విపర్యయం’ కాదా? మనం దానిని తలకిందులు కావడం, వ్యతిరేకం కావడం అనే అర్థంలో కదా వాడతాం?

జవాబు: అక్షరాలా అదే మాట. 2023 జూన్‌లో గుజరాత్ తీరం దాటిన బిపర్జాయ్ తుఫానుకు బంగ్లాదేశ్ సూచించిన పేరు కూడా అదే. మన పత్రికలు దానిని ఏదో అన్యదేశ్యమన్నట్లు రాశాయి గానీ, విపర్యయమని రాసి ఉంటే పాఠకులకు ఇంకొంచెం దగ్గరగా ఉండేది. ఒడియావారి వాడుకలో తప్పేమీ లేదు. గ్రీకు నుంచి వచ్చిన ‘కటాస్ట్రఫీ’కి మూలార్థం కూడా తలకిందులు కావడమే.

డిజాస్టర్ మాత్రం మరొక దారిన వచ్చింది. ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మీదుగా ఇంగ్లీషుకు చేరిన ఆ మాటలో ‘ఆస్త్రో’ అంటే నక్షత్రం. చెడు నక్షత్రంవల్ల కలిగిన కీడు అని భావం. అంటే అచ్చంగా మన గ్రహపాటు. ఈ లెక్కన చూస్తే, గ్రహపాటున కాలు జారిన తాతగారి విషయంలో బరంపురం అమ్మాయి రాసినదాన్ని పుట్టుక సమర్థిస్తుంది, వాడుక సమర్థించదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరివారు అడిగినప్పుడు నేను వాడుక పక్షమే వహించాలి. అయితే టీచరుగారి ‘యాక్సిడెంట్’ కూడా చదివేవారికి ఏ లారీయో గుద్దిందేమోనన్న అనుమానం కలిగించవచ్చు. పెద్దవారు జారిపడినప్పుడు ఇంగ్లీషువారు మామూలుగా అనే మాట ‘మై గ్రాండ్‌ఫాదర్ హాడ్ ఎ ఫాల్’. బరంపురం అమ్మా, మీ అమ్మాయిని చీటీలో అలా రాయమనండి.