నాన్న ఇంట్లో దాచిన డబ్బు బ్యాంకులో వేయాలా, బీరువాలోనే ఉంచాలా?

కోవూరు వాసి

అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె. నాన్నకి డెబ్బై దాటాయి. ధాన్యం అమ్మిన ప్రతిసారీ ఖర్చులు పోను మిగిలింది బీరువాలో పెడుతూ వచ్చారు. ఏళ్ల తరబడి పెట్టింది ఇప్పుడు సుమారు ఆరు లక్షలు అయింది. అమ్మకి, నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను బెంగళూరులో ఉంటాను, ఇంట్లో వాళ్లిద్దరే. మొన్న పక్క వీధిలో పట్టపగలు తాళం పగలగొట్టి దోచుకుపోయారు. అప్పటినుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

బ్యాంకులో వేద్దామంటే నాన్న మూడు మాటలు అంటున్నారు. బ్యాంకు మునిగితే ఎవరిస్తారు? ఇంత డబ్బు ఒక్కసారి వేస్తే ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు ఊరుకుంటారా? 2016లో మన డబ్బు మనం తీసుకోవడానికి ఎండలో నిలబడ్డాం, మళ్లీ ఆ ఖర్మ ఎందుకు? మొండితనం అని కొట్టిపారేయలేకపోతున్నాను, ఆ భయాలు ఊరికే వచ్చినవి కావు. మీ ఇళ్లలో పెద్దవాళ్ల డబ్బు ఎట్టా చూసుకుంటున్నారో చెప్పండి.

ఒంగోలు రిటైర్డ్ బ్యాంకు

బాబూ, మీ నాన్నగారి మాటలు నేను కౌంటర్లో కూర్చున్న రోజుల్లో వందల మంది నోట విన్నాను. వరసగా చెబుతాను.

బ్యాంకు మునిగితే ఏమిటి అంటే, డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ ఒకటి ఒక్కో మనిషికి ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా చెల్లిస్తుంది. 2020 ఫిబ్రవరి 4కి ముందు ఇది లక్ష రూపాయలే. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మన దగ్గర వసూలు చేయకూడదు. పాత రోజుల్లో బ్యాంకు మూతపడితే ఆ డబ్బు కోసం ఏళ్లు ఎదురు చూసేవాళ్లు. 2021లో చట్టం మార్చాక, రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టి డబ్బు తీయనివ్వకుండా చేసినప్పుడు కూడా 90 రోజుల్లో ఆ బీమా సొమ్ము ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కోవూరు బ్రాంచిలో మూడు లక్షలు, నెల్లూరు ట్రంకు రోడ్డు బ్రాంచిలో మూడు లక్షలు వేస్తే రెండు లెక్కలు కావు. బ్యాంకు ఒకటే అయితే ఆ ఆరూ ఒకే లెక్క, బీమా ఐదుకే. కొంత నాన్నగారి పేరున, కొంత అమ్మగారి పేరున వేయండి, లేదా రెండు వేరు వేరు బ్యాంకుల్లో వేయండి. గ్రామీణ బ్యాంకుకీ, జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకీ ఈ బీమా ఉంది. ఊళ్లో ఉండే వ్యవసాయ పరపతి సొసైటీలో వేసిన డిపాజిట్‌కి మాత్రం లేదు. ఎవరో మనవాళ్లే నడుపుతున్నారని, అర శాతం వడ్డీ ఎక్కువని అక్కడ వేయకండి.

ట్యాక్సు సంగతి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదిలో వేసిన నగదు 10 లక్షలకి చేరితే బ్యాంకు ఆ వివరం ఆదాయపు పన్ను శాఖకి పంపుతుంది. మీది ఆరు. అయినా అడిగితే చూపించడానికి పట్టాదారు పాసుపుస్తకం, మిల్లు వాళ్లిచ్చిన కాటా చీటీలు, ఈ-క్రాప్‌లో పంట నమోదు చేయించిన కాగితం ఒక కవర్లో పెట్టుకోండి. భయపడి రోజుకింత చొప్పున ముక్కలు చేసి వేయకండి. అట్టా వేస్తే అనుమానం రాని చోట అనుమానం వస్తుంది. పాన్ కార్డు పట్టుకుని వెళ్లి ఒకేసారి వేయండి.

టంగుటూరు పొగాకు రైతు

సార్ చెప్పినవన్నీ నిజమే. కానీ రైతు బ్యాంకంటే ఎందుకు జంకుతాడో కూడా చెప్పాలి. మా పొగాకు బేళ్లు వేలంలో పోయాక డబ్బు నేరుగా ఖాతాలోకి వస్తుంది. వచ్చిన వెంటనే బ్యాంకు వాళ్లు పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ మీద అప్పు కిందో, పంట రుణం కిందో పట్టుకుంటారు. అప్పు కట్టనని ఎవరూ అనడం లేదు. ఆ నెలలో కౌలు కట్టాలి, కూలీలకి ఇవ్వాలి, పిల్లల ఫీజు ఉంది. పాసుబుక్కు ఎంట్రీ వేయించుకుని చూస్తే మిగిలింది చేతిలో లెక్కపెట్టుకునేంత. మా నాన్న అందుకే రూపాయి మిగిలినా ఇంట్లోనే పెట్టేవాడు.

మేం ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, అప్పు ఉన్న బ్యాంకు వేరు, పొదుపు చేసుకునే బ్యాంకు వేరు. బాకీ ఉన్న చోట దాచుకోవడం లేదు.

ఒంగోలు రిటైర్డ్ బ్యాంకు

టంగుటూరు తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అప్పు గడువు మీరితే అదే బ్యాంకులో ఉన్న డిపాజిట్‌ని బాకీ కింద జమ చేసుకునే హక్కు బ్యాంకుకి ఉంది. కోవూరు బాబూ, నాన్నగారికి పంట రుణం, బంగారం అప్పు ఏ బ్యాంకులో ఉన్నాయో ముందు కనుక్కో.

పడుగుపాడు గృహిణి

మీ పక్కనే మాది. 2021 నవంబరులో సోమశిల నుంచి నీళ్లు వదిలి పెన్న పొంగినప్పుడు ఇక్కడ హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, మీకు తెలిసే ఉంటుంది. మా ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లు వచ్చాయి. పిల్లల్నీ, అత్తయ్యనీ మేడ ఉన్న ఇంటికి చేర్చడమే గగనమైంది, బీరువా ఎవరికి గుర్తుంది.

నీళ్లు తీశాక తలుపు తెరిస్తే కింది అరలో చీరల మడతల్లో అత్తయ్య దాచుకున్న నోట్ల కట్టలు బురదతో అట్ట కట్టిపోయాయి. పొడిగా లాగితే చిరుగుతున్నాయి. బేసిన్లో మంచినీళ్లు పోసి అందులో వేసి, వేళ్లతో అంచు నుంచి నెమ్మదిగా విడదీశాం. దుప్పటి మీద ఒక్కొక్కటి పరిచి ఆరబెట్టాం. కరెంటు లేదు, ఫ్యానూ లేదు, ఎండ సరిగా రాలేదు. కొన్ని నోట్లు చేతిలోనే రెండు ముక్కలయ్యాయి. అత్తయ్య ఏడవలేదు గానీ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

బ్యాంకులో చాలావరకు మార్చి ఇచ్చారు. అక్కడ వాళ్లు చెప్పిన లెక్క ఇది. 50 రూపాయలు, అంతకు పైన నోట్లలో విడిపోని పెద్ద ముక్క 80 శాతానికి మించి ఉంటే పూర్తి విలువ ఇస్తారు, 40 నుంచి 80 లోపుంటే సగం, 40 కంటే తక్కువైతే ఏమీ రాదు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే వరదలో ఏటీఎంలు మూతపడ్డాయి, ఫోన్లో సిగ్నల్ లేదు, ఫోన్‌పేలు పనిచేయలేదు. పాలు, కొవ్వొత్తులు, మంచినీళ్ల క్యాన్లు చేతిలో నోటు ఉన్నవాళ్లే కొన్నారు. కాబట్టి అంతా బ్యాంకులో వేసేయమని నేను చెప్పను. కొంత ఇంట్లో ఉండాలి, అదీ పై అరలో, జిప్పు ఉన్న ప్లాస్టిక్ కవర్లో.

దర్శి కుర్రాడు

చెదలు కూడా ఉన్నాయి. 2021లోనే కృష్ణా జిల్లా మైలవరంలో ఒకాయన ఇల్లు కట్టుకోవడానికి ట్రంకు పెట్టెలో దాచుకున్న లక్షల రూపాయలు చెదలు తినేసిన సంగతి టీవీల్లో చూశాం కదా. ఆ నోట్లు జల్లెడ పట్టినట్టు చిల్లులు పడ్డాయి.

కలిగిరి అక్క

ఇక్కడ అందరూ దొంగలు, వరదలు, చెదలు అంటున్నారు. ఇంట్లో డబ్బుకి ఇంట్లోనే ఉండే ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మా అమ్మ కూలి డబ్బులు బియ్యం డబ్బాలో, పోపు డబ్బాలో, చివరికి దిండు గలేబులో దాచేది. ఎక్కడ దాచినా మా నాన్నకి దొరికేది. దొరికిన రోజు అది సారాకి పోయేది. మాట అంటే దెబ్బలు. అట్టాంటి ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో. సారా వ్యతిరేక ఉద్యమం మా కలిగిరి మండలం దూబగుంట నుంచే లేచింది, 1992లో. ఆ తర్వాతే జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టారు. ఒక్కో ఆడమనిషి రోజుకి రూపాయి దాచుకోవడం. రూపాయే కదా అని మగవాళ్లు నవ్వారు. కానీ ఆ రూపాయి ఇంట్లో లేదు, సంఘం పేరున ఖాతాలో ఉంది, మొగుడు చెయ్యి పెట్టలేడు. మా అమ్మకి జీవితంలో మొదటిసారి తనదంటూ ఒక డబ్బు ఉన్నది అప్పుడే. మా అక్క పెళ్లికి సంఘంలో అప్పు తీసుకుంది, వాయిదా తప్పకుండా తీర్చింది.

అందుకే కోవూరు తమ్ముడికి నేను చెప్పేది వేరు. ఆ ఆరు లక్షల్లో అమ్మ పేరున ఎంత ఉంటుంది? అమ్మకి సంతకమో వేలిముద్రో పెట్టి తనంతట తను తీసుకోవడం వచ్చా? నాన్నకి ఏదైనా అయితే ఆమె ఎవరి చేతులవైపు చూడాలి? బ్యాంకా బీరువానా అన్న ప్రశ్న కంటే నాకు ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

కావలి మెడికల్ షాపు

అక్కా, చాలా మంచి మాట చెప్పారు.

ఎంత ఇంట్లో పెట్టుకోవాలి అనేది నా లెక్క చెబుతాను. రాత్రిపూట గుండె నొప్పి అని నెల్లూరు తీసుకెళ్తే ఆస్పత్రి అడ్వాన్సు అడుగుతుంది. కార్డు గీకినా, స్కాన్ చేసినా సర్వర్ పనిచేయని రాత్రులు ఉంటాయి. నెల ఇంటి ఖర్చు, ఆపైన కారు కిరాయికీ, ఆస్పత్రి అడ్వాన్సుకీ సరిపడా ఒక 40, 50 వేలు. పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇంట్లో అంతకు మించి అనవసరం. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు 50 వేలకి మించి నగదు పట్టుకుని హైవే ఎక్కితే చెక్‌పోస్టులో కాగితాలు చూపించాలి, లేకపోతే సీజ్ చేస్తారు.

ఇందుకూరుపేట రొయ్యలు

బ్యాంకు వడ్డీ ఏం సరిపోతుంది అన్నా, ఊళ్లో నమ్మకస్తులకి రూపాయిన్నర వడ్డీకి ఇవ్వండి, నోటు రాయించుకోండి. మా గుంటల మీద మేతలకి మేమూ అట్టాగే తెస్తాం.

టంగుటూరు పొగాకు రైతు

నమ్మకస్తుడు రెండు పంటలు పోగొట్టుకుంటే ఎక్కడినుంచి తెస్తాడు అన్నా? ప్రామిసరీ నోటు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు, ఈ లోపు ఎంతోకొంత కట్టించుకుని చెల్లు రాయించుకోవాలి. డెబ్బై దాటిన మనిషిని బాకీలకి తిప్పకండి.

దర్శి కుర్రాడు

బ్యాంకులో వేశాక వచ్చే ప్రమాదం కూడా రాస్తాను. మా వీధిలో ఒక పెద్దాయనకి వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వచ్చింది. నొక్కాడు, ఇన్‌స్టాల్ అయింది. మెసేజీలు అవతలివాడికి వెళ్లిపోయాయి, ఓటీపీ ఈయన చెప్పనే లేదు, అయినా ఖాతా ఖాళీ. వాళ్లబ్బాయి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. చేయడం వల్ల కొంత మధ్యలో ఆగింది, మిగతాది పోయింది. ఇట్టాంటప్పుడు ప్రతి నిమిషం లెక్కే. బ్యాంకుకి రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి.

కాబట్టి పెద్ద మొత్తం ఉన్న ఖాతాకి ఫోన్‌పే, గూగుల్‌పే కలపకండి. రోజువారీ ఖర్చుకి ఒక చిన్న ఖాతా, దానికే యూపీఐ. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి, వేలిముద్రతో డబ్బు లాగే మోసాలు మన రాష్ట్రంలోనూ జరిగాయి. అవసరమైనప్పుడు ఆ లాక్‌ని తాత్కాలికంగా తీయవచ్చు.

కోవూరు వాసి

ఇన్ని విషయాలు రాసినందుకు అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కలిగిరి అక్క రాసింది అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, తర్వాత నాన్నతో మాట్లాడింది. నా పేరున లక్ష వేయండి, మిగతాది మీ ఇష్టం అందట. నాన్న రెండున్నర వేస్తానన్నారు!

పంట రుణం ఉన్న బ్యాంకు కాకుండా వేరే చోట ఖాతా చూస్తున్నాం. నాన్న వాటా పోస్టాఫీసులో వేయవచ్చా అని అడుగుతున్నారు. ఇంకొకటి, కట్టల మధ్య 2000 నోట్లు కొన్ని దొరికాయి. అవి పనికొస్తాయా?

ఒంగోలు రిటైర్డ్ బ్యాంకు

పోస్టాఫీసు చాలా మంచిది. అక్కడ వేసిన డబ్బుకి కేంద్ర ప్రభుత్వమే హామీ, 5 లక్షల పరిమితి గొడవ లేదు. 60 దాటినవాళ్లకి సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది, ఐదేళ్లది, ఈ మధ్య వడ్డీ 8.2 శాతం. 3 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 6,150 రూపాయలు వస్తుంది. లక్ష, ఆపైన అయితే నగదు తీసుకోరు, చెక్కు ఇవ్వాలి. అంటే ముందు సేవింగ్స్ ఖాతాలో వేయాలి.

2016లో రద్దయిన 500, 1000 నోట్లయితే ఇప్పుడు కాగితాలే. 2000 నోటు అట్టా కాదు. 2023 మే 19న చలామణి నుంచి ఉపసంహరించారు గానీ చెల్లుబాటు పోలేదు. బ్యాంకుల్లో మార్చుకునే గడువు ఆ ఏడాది అక్టోబరు 7తో అయిపోయింది. ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు ఆఫీసులోనే, మనకి దగ్గర చెన్నై. అంత దూరం వెళ్లక్కర్లేదు, ఏ పోస్టాఫీసు నుంచైనా ఇన్సూర్డ్ పోస్టులో పంపితే మీ బ్యాంకు ఖాతాలో జమ చేస్తారు. ఫారం, గుర్తింపు కార్డు నకలు, ఖాతా వివరాలు జత చేయాలి.

ఖాతా తెరిచే రోజు నామినీ పేరు రాయించి, పాసుబుక్కు మీద నమోదైందో లేదో అక్కడే చూసుకోండి. 2025 నవంబరు నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. నామినీ లేక, ఖాతా ఉన్నట్టు పిల్లలకి తెలియక పదేళ్లు ఎవరూ అడగని డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది. తర్వాత వారసులు అడిగితే ఇస్తారు, కానీ కాగితాల కోసం తిరగాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పాత సిండికేట్ బ్యాంకులోనో, ఆంధ్రా బ్యాంకులోనో వేసి మరిచిపోయి ఉంటే రిజర్వ్ బ్యాంకు వాళ్ల ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి. ఆ బ్యాంకులు పేరు మారి వేరేవాటిలో కలిసిపోయాయి గానీ డబ్బు ఎక్కడికీ పోలేదు.

పడుగుపాడు గృహిణి

అత్తయ్య పేరు కొట్టి చూశాను సార్, రాలేదు. మా మామయ్యది సిండికేట్ బ్యాంకు పాసుబుక్కు ఒకటి ట్రంకులో ఉంది. రేపు ఆయన పేరుతో చూస్తాను.