కన్యాశుల్కంలో ఆ దొంగపెళ్లి నమ్మేలా ఉందా?

పాతపుస్తకం:
గురజాడ నాటకం కన్యాశుల్కం మళ్లీ చదువుతున్నాను. అందులో అగ్నిహోత్రావధాన్లు డబ్బు పుచ్చుకుని తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వబోతాడు. ఆ పెళ్లి తప్పించడానికి సుబ్బి మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి ఆ ముసలాడికి కట్టబెడతాడు. పెళ్లి పెళ్లంతా జరిగిపోతుంది, ఒక్కడూ పసిగట్టడు! కథ నడవడానికి గురజాడ తొక్కిన అడ్డదారి అనిపిస్తోంది. మీరేమంటారు?

రంగస్థలి:
ఇంట్లో కూర్చుని చదివితే అలాగే ఉంటుందండీ. ఈ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. ఆ రోజుల్లో స్టేజీ మీద ఆడవేషాలు దాదాపు అన్నీ మగవాళ్లవే. అక్కడ కుర్రాడు పెళ్లికూతురైతే ‘ఎలా నమ్మారు’ అని ఎవరూ అడగరు. ఎప్పుడు దొరికిపోతాడా అన్న టెన్షనే.

పాతపుస్తకం:
జనం సంగతి సరే, లుబ్ధావధాన్లు ఎలా నమ్మాడు?

వీధరుగు:
ఆశపోతు కదా, అందుకని. పిల్ల చవగ్గా వస్తోందంటే మొహం చూస్తాడా? రామప్పంతులు సంగతి ఇంకా బాగుంటుంది. తను ఉంచుకున్న వేశ్య మధురవాణి కంటె (మెడలో నగ) అడిగి తెచ్చి పెళ్లికూతురి మెడలో వేయిస్తాడు. ‘పెళ్లికూతురు’ మాయమయ్యాక ఆవిడ నా కంటె ఏదీ అని పీక మీద కూర్చుంటుంది. ఊళ్లో అందరికీ టోపీ వేసేవాడికి తన ఇంట్లోనే లెక్క తప్పింది. వేషం మోసం చేసింది కళ్లనా, దురాశనా? నాకైతే రెండోదే.

చదువరి:
రెండో మారువేషాన్ని ఎవరూ పట్టించుకోరేం? చివరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు ఇంటికి వెళ్తుంది. వేశ్యల మొహం చూడనని ఆయన పట్టుదల. మామూలుగా వెళ్తే గుమ్మం దాటనివ్వడు. కాబట్టి ఆ వేషం ఆయన నియమంలోంచే పుట్టింది. వేషం తీసేసి నిజం చెప్పేది కూడా ఆవిడే. 1909లో నాటకాన్ని తిరగరాసినప్పుడు గురజాడ ఆవిడ పాత్రను బాగా పెంచాడు, ఊరికే కాదు.

పాతపుస్తకం:
రెండోది ఒప్పుకుంటాను. మొదటిదానితోనే నా పేచీ. శాకుంతలంలో దుర్వాసుడి శాపం భారతంలో లేదు, కాళిదాసు పెట్టాడు. దాంతో దుష్యంతుడి తప్పు కాస్తా శాపం మీదకి పోయింది. ఇక్కడా అంతే కదా? సుబ్బిని కాపాడింది అగ్నిహోత్రావధాన్ల మనసు మారడం కాదు, కుర్రాడి చీర.

రంగస్థలి:
శాపం ఉంగరం కనిపించగానే తీరిపోయింది. ఈ చీర విప్పేశాక అసలు గొడవ మొదలవుతుంది. పెళ్లికూతురు కనబడకపోయేసరికి చంపేశాడని లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు! అడ్డదారే అయితే సుబ్బి పెళ్లి ఆగిన చోట తెర దించేసేవాడు. అలా కాకుండా లేని పిల్ల హత్యకి ఆ ముసలాణ్ణి కోర్టుకీడ్చాడు.

పాతపుస్తకం:
ఖూనీ కేసు పాయింటు బాగుంది. అయినా అగ్నిహోత్రావధాన్లు మారలేదన్నదానికి జవాబు రాలేదు.