స్వేచ్ఛాపతనం పాఠానికి ఫోన్ వీడియో చాలా?

హైస్కూల్_సైన్స్‌సార్: తొమ్మిదో తరగతికి స్వేచ్ఛాపతనం ఇప్పుడు వీడియోతోనే చెప్తున్నాను. మీటరు ఎత్తు నుంచి బంతి వదిలితే 0.45 సెకనులో నేల మీదుంటుంది. స్టాప్‌వాచ్ నొక్కేలోపే ఆట అయిపోతుంది. అదే ఫోన్‌లో తీస్తే సెకనుకు 30 ఫ్రేములు. ట్రాకర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫ్రేము ఆపి బంతి మీద చుక్క పెట్టడమే. ప్రతి మూడు ఫ్రేముల మధ్య బంతి ఎంత దిగిందో కొలిస్తే వరసగా 5, 15, 25, 34 సెంటీమీటర్లు. ఎందుకు పెరుగుతోందని పిల్లలే అడుగుతారు.

పాతకాలం_ల్యాబ్: చుక్కలు పిల్లలు పెట్టారు, సరే. గ్రాఫు గీసిందెవరు? టిక్కర్ టైమర్ అని ఉండేది, పడే వస్తువు లాక్కెళ్లే కాగితం టేపు మీద సెకనుకు 50 చుక్కలు కొట్టేది. టేపు ముక్కలు కత్తిరించి పక్కపక్కన అంటిస్తే అదే గ్రాఫు. చేతికి జిగురు అంటేది, బుర్రకు వేగం అంటేది. కంప్యూటర్ ఇచ్చిన గురుత్వ త్వరణం 9.8ని నోట్సులో ఎక్కించడం ప్రయోగమా?

హైస్కూల్_సైన్స్‌సార్: మాస్టారూ, మాకు 9.8 వస్తే కదా! మొదటిసారి 10.9 వచ్చింది. పీరియడంతా వెతికాం. స్కేలు గోడకు అంటించాం, బంతేమో గోడకు 20 సెం.మీ. ముందు పడుతోంది. గోడకు రెండు మీటర్ల దూరంలో ఫోను. దగ్గరున్న బంతి కదలిక పెద్దగా కనిపించింది, లెక్క పదకొండు శాతం పెరిగింది. కనిపెట్టింది వెనక బెంచీ అమ్మాయి. గ్రాఫు విషయంలో మాత్రం మీ మాటే నిజం, ఈసారి గ్రాఫు పేపర్ మీదే గీయిస్తాను.

పల్లెబడి_టీచర్: ఇద్దరూ పెద్ద బడుల సంగతి చెప్తున్నారు. నా క్లాసులో 52 మంది, ఉన్న ఫోను ఒక్కటే, అదీ నాది. మధ్యలో మా అత్తయ్య ఫోన్ చేస్తే ప్రయోగం బంద్. ల్యాప్‌టాప్ లేదు, ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులో పెట్టే పెద్ద టచ్ స్క్రీన్) ఉంది. సిలబస్ టెన్షన్ సరేసరి.

పాతకాలం_ల్యాబ్: అయితే మీకే సులువు మేడమ్. వీడియో ప్యానెల్‌లో ఆపండి, మీద పారదర్శక షీటు అంటించి పిల్లల చేత మార్కర్‌తో చుక్కలు పెట్టించండి. సాఫ్ట్‌వేరే అక్కర్లేదు.

పల్లెబడి_టీచర్: మొన్న చేశాను సార్. షీటు మీద చెయ్యి ఆనగానే వీడియో ముందుకెళ్లిపోయింది. టచ్ కదా.

హైస్కూల్_సైన్స్‌సార్: చాలా ప్యానెళ్లలో టచ్ లాక్ ఉంటుంది మేడమ్, సెట్టింగ్స్‌లో చూడండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, అత్తయ్యగారికి ముందే చెప్పి.