కల్చర్‌లో ఏమీ రాలేదు, అయినా మూడో యాంటీబయాటిక్ కోర్సు: వాడాలా, మానాలా?

రాత్రిషిఫ్ట్: వయసు 38, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని. ఐదు నెలలుగా వృషణాలకీ మలద్వారానికీ మధ్య, రేగుపండంత రాయి మీద కూర్చున్నట్టు నొప్పి. మూత్రం పోసుకున్నాక మంట, వీర్యం పడ్డాక ఇంకా ఎక్కువ. జ్వరం లేదు. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు అన్నారు. రెండు వారాలు ఆఫ్లాక్సాసిన్, తర్వాత నాలుగు వారాలు లీవోఫ్లాక్సాసిన్ వాడాను. వాడినన్నాళ్లూ కాస్త నయం, ఆపిన పది రోజులకి మళ్లీ మొదలు. యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, రెండుసార్లూ ఖాళీ. ఇప్పుడు వేరే డాక్టర్ ఆరు వారాల సిప్రో (సిప్రోఫ్లాక్సాసిన్) రాశారు. అమ్మేమో వేడి చేసిందని సబ్జా నీళ్లు పోస్తోంది. వాడమంటారా?

పాతకాపు: వాడు తమ్ముడూ. నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. చిన్న చిన్న కోర్సులతో రెండేళ్లు తిప్పారు, చివరికి ఆరు వారాలు గట్టిగా వాడితే పోయింది. ప్రోస్టేట్‌లోకి మందు సరిగ్గా ఎక్కదు, అందుకే ఎక్కువ రోజులు కావాలి. మందు మీద ఉంటే తగ్గుతోందంటే లోపల క్రిమి ఉన్నట్టేగా!

ల్యాబ్‌బాబు: పాతకాపు గారూ, మీ కల్చర్‌లో ఏమైనా పెరిగిందా?

పాతకాపు: ఈ-కోలై అనే బ్యాక్టీరియా. ప్రతిసారీ అదే.

ల్యాబ్‌బాబు: అదీ సంగతి. మీది క్రిమి దొరికిన కేసు, అతనిది దొరకనిది. రెండింటికీ ఒకటే మందంటే ఎలా సర్? రాత్రిషిఫ్ట్ గారూ, శాంపిల్ ఎప్పుడిచ్చారు?

రాత్రిషిఫ్ట్: మొదటిది ఆఫ్లాక్సాసిన్ మొదలైన మూడో రోజు. రెండోది లీవో కోర్సు మధ్యలో.

ల్యాబ్‌బాబు: అయ్యో! మందు కడుపులో ఉండగా శాంపిల్ ఇస్తే క్రిమి ఎక్కడ పెరుగుతుంది? ఆ రెండు రిపోర్టులూ చెత్తబుట్టలో వేసుకోవచ్చు. మేమైతే మందు ఆపి రెండు వారాలయ్యాక రమ్మంటాం. పైగా మామూలు యూరిన్‌లో ప్రోస్టేట్ క్రిమి పడకపోవచ్చు. డాక్టర్ వేలితో ప్రోస్టేట్‌ని నొక్కడానికి ముందొక డబ్బా, నొక్కాక ఒక డబ్బా పట్టి పోల్చాలి. 1968లో మియర్స్, స్టేమీ అనే ఇద్దరు నాలుగు డబ్బాల పద్ధతి పెట్టారు, ఇది దానికి పొట్టి రూపం. అడిగేవాళ్లే లేరు.

యూరోపీజీ: యూరాలజీ చదువుతున్నాను, ఇక్కడ మందు రాయను. ముందు ఒక మాట: చలి జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకుపోయినా చర్చలు మాని ఆసుపత్రికి వెళ్లాలి. అది హఠాత్తుగా వచ్చే బ్యాక్టీరియా రకం, యాంటీబయాటిక్ తప్పనిసరి. అప్పుడు ప్రోస్టేట్ నొక్కించుకోకూడదు కూడా, క్రిములు రక్తంలోకి పోతాయి. పాతకాపు గారిది క్రిమి మళ్లీ మళ్లీ వచ్చే రకం. కానీ ఈ నొప్పితో వచ్చేవాళ్లలో పదిలో తొమ్మిది మందికి క్రిమి దొరకదు.

వాళ్ల మీద 2004లో ఉత్తర అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. 196 మందికి ఆరు వారాలు సిప్రో, టామ్సులోసిన్ (మూత్రం దారిని వదులు చేసే మందు), రెండూ కలిపి, లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ నొప్పి తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గే రోజుల్లో ఏ మాత్ర మింగినా పేరు దానికే పోతుంది.

పాతకాపు: ఆ 196 మందీ ఎన్నాళ్లుగానో బాధపడుతూ, మందులు మింగి మింగి ఉన్నవాళ్లు. కొత్తగా వచ్చినవాడికి ఆ లెక్క ఎలా వర్తిస్తుంది?

యూరోపీజీ: సరైన ప్రశ్నే సర్. అందుకే కొత్త కేసుకి ఒక్కసారి ఇచ్చి చూడటం నాకూ అభ్యంతరం కాదు. కానీ ఇతను కొత్తవాడా? రెండు కోర్సులు అయిపోయాయి, మూడూ ఒకే జాతి మందులు. ఈ జాతి మందులతో మడమ వెనక తాడులాంటి స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ) తెగే ప్రమాదముందని 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డబ్బాలోపలి కాగితం మీద ప్రత్యేక హెచ్చరిక వేయించింది. మన దేశంలో ఇంకో చిక్కు: ఇవి టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి. మూత్రంలో చీము కణాలుండి కల్చర్ ఖాళీగా వచ్చే మనిషికి టీబీ పరీక్ష చేయకుండా ఇవే పోస్తూ పోతే అసలు జబ్బు కప్పబడిపోతుంది.

ఫిజియోఅక్క: ఎవరూ కండరాల మాట ఎత్తలేదు! ఇలాంటివాళ్లలో చాలామందికి కటి అడుగు కండరాలు పిడికిలిలా బిగుసుకుని ఉంటాయి. రోజంతా కుర్చీ, బైకు, టెన్షన్. వాటిని వదులు చేయడం నేర్పాలి. యూట్యూబ్ చూసి కీగల్స్ (ఆ కండరాల్ని బిగించే వ్యాయామం) మాత్రం మొదలుపెట్టకండి, బిగిసినదాన్ని ఇంకా బిగించినట్టవుతుంది.

రాత్రిషిఫ్ట్: అక్కా, నెల నుంచి రోజుకి వంద చేస్తున్నా.

ఫిజియోఅక్క: ఇవాళే ఆపెయ్యి.

ఉప్పుకారం: మావారికి మూడేళ్లుగా ఇదే. ఇన్‌ఫెక్షన్ అన్నప్పుడు నేను ఎక్కడినుంచి వచ్చిందా అని అనుమానపడ్డాను, ఆయన నన్ను అనుమానించారు. ఇన్‌ఫెక్షన్ కాదన్నప్పుడు, ‘అంటే నేను నటిస్తున్నానా’ అని ఆయన డాక్టర్ మీద లేచారు. చేతిలో మాత్ర ఉంటే ఆయనకి జబ్బుకో పేరుంటుంది. ఆ మాత్ర లాగేసుకునేముందు మీరు ఆయనకేమిస్తారు డాక్టర్ గారూ?

యూరోపీజీ: అమ్మా, నొప్పి నిజం, క్రిమి లేకపోవడం వేరే సంగతి. ఆ మాట చెప్పడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, మా ఓపీలో మనిషికి నాలుగు కూడా దొరకవు. సిప్రో రాయడానికి అర నిమిషం చాలు. మా తప్పు అక్కడుంది.

పాతకాపు: ఒప్పుకున్నారు, సంతోషం. అయినా సరిగ్గా తీసిన కల్చర్ రాకముందే ‘క్రిమి లేదు’ అని మీరూ తేల్చేశారు కదా?

యూరోపీజీ: ముందే అడగాల్సింది. ఆ విషయం పట్టుకున్నది ల్యాబ్‌బాబు గారు.

రాత్రిషిఫ్ట్: ఆఖరి లీవో మాత్ర వేసి ఇవాల్టికి పందొమ్మిది రోజులు. సోమవారం రెండు డబ్బాల పరీక్ష చేస్తామన్నారు, టీబీ పరీక్ష కూడా అడిగాను. సిప్రో స్ట్రిప్ సొరుగులోనే ఉంది, విప్పలేదు. సబ్జా నీళ్లు మాత్రం తప్పట్లేదు.