తెలుగు సంఘం మార్చి సభ: మంజుల పద్మనాభన్ నాటక పఠనం, పనుల పంపకం

సాహిత్య విభాగం నుంచి:

అందరికీ నమస్కారం. మహిళా దినోత్సవ సభలో ఈసారి సన్మానాలు తగ్గించి, ఒక రచయిత్రి చేసిన పనిని నిదానంగా పరిచయం చేద్దామని పోయిన సమావేశంలో అనుకున్నాం కనుక, మంజుల పద్మనాభన్ గారి పేరు ప్రతిపాదిస్తున్నాను. 1953లో ఢిల్లీలో పుట్టి, దౌత్యాధికారి అయిన తండ్రి వెంట పలు దేశాల్లో పెరిగిన ఈమె ఇంగ్లీషులోనే రాస్తారు. నాటకాలు, కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు రాయడమే కాక బొమ్మలూ గీస్తారు. 1980లలో బొంబాయి సండే అబ్జర్వర్ పత్రికలోనూ, 1990లలో పయనీర్ పత్రికలోనూ వచ్చిన సుకీ కార్టూన్ ఆమెదే. చెదిరిన జుట్టుతో, ఏ ఘనకార్యమూ తలపెట్టకుండా, ఎదురుపడ్డ ప్రతి విషయాన్నీ తన సొంత తర్కంతో తిరగేసి చూసే ఆ అమ్మాయిలాంటి కథానాయిక మన పత్రికల కార్టూన్లలో అప్పటికి అరుదు.

అయితే సభలో చదవవలసింది ‘హార్వెస్ట్’ అని నా అభిప్రాయం. 1997లో గ్రీసుకు చెందిన ఒనాసిస్ ఫౌండేషన్ నాటక పోటీలో మొదటి బహుమతి పొందిన నాటకం ఇది. 2001లో గోవింద్ నిహలానీ దీని ఆధారంగానే ‘దేహమ్’ సినిమా తీశారు. బొంబాయిలో ఒంటిగది ఇల్లు. ఉద్యోగం పోయిన ఓం ప్రకాశ్ తన అవయవాల మీద హక్కును ఒక విదేశీ కంపెనీకి రాసిచ్చి, పెళ్లయిందని తెలిస్తే పని దక్కదని భార్య జయను చెల్లెలిగా చూపిస్తాడు. పైకప్పు నుంచి వేలాడే యంత్రంలో గిన్నీ అనే అమెరికా యువతి ముఖం వెలిగి, వాళ్ల తిండినీ శుభ్రతనూ ఆరా తీస్తూ ఉంటుంది. భారతదేశంలో అవయవాల అమ్మకాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1994లో; ఆ మూడేళ్లకే ఈ నాటకం.

నేను ప్రతి ఆదివారం మా అమ్మతో వీడియోలో మాట్లాడేటప్పుడు, బీపీ మాత్ర వేసుకున్నావా, కాచిన నీళ్లే తాగుతున్నావా అని అడుగుతాను. ప్రేమతోనే అడుగుతాను. అయినా ఈ నాటకం చదివిన వారం ఆ ప్రశ్న నోట్లోనే ఆగిపోయింది.

పిల్లల కార్యక్రమాల నుంచి:

అన్నగారూ, ఎంపిక బాగుంది కానీ రెండు మాటలు చెప్పాలి. తెలుగు సంఘంలో తెలుగులో రాయని ఆమె ఎందుకని ఎవరైనా తప్పక అడుగుతారు. పఠనం మొత్తం తెలుగులో ఉంటే ఆ ప్రశ్న సగం తగ్గుతుంది. రెండవది, పరిచయ ప్రసంగంలో ఆమె మరో నాటకం ‘లైట్స్ ఔట్’ గురించి చెప్పదలిస్తే పిల్లలను ముందే పక్క గదికి పంపాలి. ఎదుటి భవనంలో ఒక స్త్రీపై అత్యాచారం జరుగుతూ ఉంటే, కిటికీ ఇవతల చదువుకున్నవాళ్లు అది నేరమా, మతకర్మా అని వాదించుకుంటూ ఉండిపోయే నాటకం అది. వాళ్ల మధ్యనే పనిమనిషి ఫ్రీడా ఒక్క మాటా లేకుండా తిరుగుతూ ఉంటుంది. నన్ను ఎక్కువగా వెంటాడింది ఆమే. పక్క గదిలో పిల్లల చేత కార్టూన్లు గీయించే పని నేను చూసుకుంటాను. నలభై అట్టలు, నల్ల స్కెచ్ పెన్నులు కావాలి.

సాహిత్య విభాగం నుంచి:

అమ్మా, రెండూ సబబే. అనువాదానికీ బహిరంగ పఠనానికీ రచయిత్రి తరఫున అనుమతి రాతపూర్వకంగా రావాలి. ఈ వారమే ఉత్తరం రాస్తాను. అది వచ్చేదాకా కరపత్రం అచ్చుకు ఇవ్వకండి. పఠనానికి ఐదుగురు చాలు. జయ పాత్రకు గొంతు పెంచకుండా కోపం పలికించగల మనిషి కావాలి, ఎందుకంటే చివర్లో తలుపు గడియ వేసుకుని, కావాలంటే నువ్వే మనిషిగా రా అని యంత్రాన్ని నిలదీసేది ఆమే. గిన్నీ ముఖం కోసం ప్రొజెక్టర్ అద్దెకు తెద్దామని కొందరు అన్నారు. నాకు ఇష్టం లేదు. ఆ పాత్ర చదివేవారు మైకు పట్టుకుని హాలులో చివరి వరుసలో, మన వాళ్ల మధ్యనే కూర్చోవాలి. చివరి వరుస దాకా తీగ సరిపోదు కాబట్టి తీగలేని మైకు ఎవరి ఇంట్లో ఉందో శుక్రవారంలోగా చెప్పండి.