అప్‌డేట్: టేకు తలుపుకి పాలిష్ అయిపోయింది

వాన జల్లు కొట్టే వీధి తలుపుకి మెలమైన్ పాలిష్ మంచిదా, పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మంచిదా అని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, పీయూనే వేయించాం. పాత పాలిష్ గీకించి 120, ఆపైన 220 నంబరు ఎమరీ పేపర్‌తో చెక్క చారల వెంబడే రుద్దించాం. టేకులో నూనె ఉంటుంది, స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) వేసే ముందు థిన్నర్ గుడ్డతో తుడవమన్నారు చూడండి, గొప్ప సలహా! వాల్‌నట్ రంగు మరకలు కట్టకుండా సమంగా పట్టింది.

అన్నిటికంటే ముఖ్యం తలుపు అడుగు అంచు. నిలువు చెక్కల కొసలు అక్కడే నీళ్లు పీల్చేది. మేస్త్రి అక్కర్లేదన్నా పట్టుబట్టి, తలుపు దింపించి ఆ అంచుకీ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత), పీయూ వేయించాను. మొన్నటి ముసురుకి తలుపు ఉబ్బలేదు, బిగుసుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. కిటికీలకీ ఇదే చేయిస్తున్నాం.