బెంగళూరు నుంచి లీగ్ టూ క్లబ్‌ను సీరియస్‌గా ఫాలో అవ్వాలంటే: స్ట్రీమ్, టైమింగ్, ఓనర్ గొడవలు

మారతహళ్లి మిడ్‌ఫీల్డర్:

ప్రీమియర్ లీగ్ మీద మోజు తీరిపోయింది. ఇంగ్లండ్ నాలుగో అంచెలో, అంటే లీగ్ టూలో, ఒక క్లబ్‌ని పట్టుకుని ఈసారి గట్టిగా ఫాలో అవుదామనుకుంటున్నా. హైలైట్స్‌తో సరిపెట్టుకోవడం కాదు, 46 లీగ్ మ్యాచుల్లో వీలైనన్ని లైవ్‌గా చూడాలి. చర్చ్ స్ట్రీట్‌లో ఏ పబ్బు వాడూ మన కోసం లీగ్ టూ పెట్టడు, కాబట్టి ఇంట్లోనే.

శనివారం మూడు గంటల మ్యాచులు అక్కడి టీవీలోనే రావంటారు, మరి మనకి వస్తాయా? వీపీఎన్ కావాలా? మన కార్డులతో పౌండ్లలో కడితే పేమెంట్ ఫెయిలవుతోందని ఇక్కడే రెండు మూడు చోట్ల చదివాను, ఎందుకని? అన్నిటికన్నా పెద్ద సందేహం వేరే ఉంది. క్లబ్ మీద ప్రేమ పెంచుకున్నాక రెండేళ్లకి అది దివాలా తీస్తే? ముందే పసిగట్టే దారి ఉంటే చెప్పండి. రెక్సమ్ పేరు మాత్రం ఎత్తొద్దు ప్లీజ్. 2023, 24, 25ల్లో వరసగా మూడు ప్రమోషన్లు కొట్టి పైకెళ్లిపోయిన క్లబ్ అది.

బెల్లందూరు బ్యాక్‌ఫోర్:

వీపీఎన్ అక్కర్లేదండీ. యూకే సర్వర్ పెట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా లైవ్ ఫుట్‌బాల్ చూపించకూడదన్న నిషేధం బ్రిటన్ లోపలికే. టీవీలో పెద్ద మ్యాచ్ వస్తే చిన్న క్లబ్ గేటు దగ్గర జనం పలచబడతారని 1960ల్లో బర్న్‌లీ ఛైర్మన్ బాబ్ లార్డ్ పట్టుబట్టి పెట్టించిన పద్ధతి. అందువల్ల అక్రింగ్టన్‌లో ఉన్న అభిమాని సోఫాలో కూర్చుని చూడలేని మ్యాచ్‌ని మీరు మారతహళ్లిలో దర్జాగా చూడొచ్చు.

లైవ్ స్ట్రీమ్ పాస్ క్లబ్ సొంత వెబ్‌సైట్‌లో కొనాలి. ఒక చిక్కుంది. ఏదైనా మ్యాచ్‌ని మన దేశంలో ఛానెలో యాపో తీసుకుంటే ఆ రోజు క్లబ్ పాస్ ఇక్కడ పనిచేయదు. సీజన్ పాస్ జోలికెళ్లే ముందు ఆ పేజీ అడుగున ఇండియాకి ఏమేం మినహాయించారో చదవండి. మొదట సింగిల్ మ్యాచ్ పాస్‌తో మీ నెట్, మీ టీవీ సంగతి తేల్చుకోవడం నయం. మీ క్లబ్ కిందికి, నేషనల్ లీగ్‌కి జారితే లెక్క మారుతుంది. ఆ లీగ్ స్ట్రీమింగ్ 2024-25 నుంచి డాజోన్‌లో ఉంది.

టైమింగ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. బ్రిటన్ గడియారం మార్చి చివరి ఆదివారం గంట ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి. అంటే వాళ్ల మూడు గంటల మ్యాచ్ ఆగస్టు నుంచి అక్టోబర్ చివరిదాకా మనకి రాత్రి 7:30కి, అక్కణ్నుంచి మార్చి చివరిదాకా 8:30కి. మంగళవారం 7:45 మ్యాచ్ మనకి అర్ధరాత్రి దాటి 12:15కి, చలికాలంలో 1:15కి. ఫోన్ క్యాలెండర్‌లో చేత్తో ఎక్కించేటప్పుడు టైమ్ జోన్ 'లండన్' అని పెట్టండి, గడియారం మారినప్పుడు అదే సర్దుకుంటుంది. ఎప్పుడూ నాలుగున్నర గంటలే కలిపి రాసుకుంటే నవంబర్ అంతా గంట ముందే కూర్చుంటారు.

జనవరి, ఫిబ్రవరిలో పాస్ ముందుగా కొనకండి. లీగ్ టూలో పిచ్ కింద హీటింగ్ తప్పనిసరి కాదు. రాత్రి మంచు గడ్డకట్టినా, వాన నీళ్లు నిలిచినా రిఫరీ పొద్దున వచ్చి చూసి వాయిదా వేసేస్తాడు. అక్కడ పొద్దున పదిన్నరకి తనిఖీ అంటే మనకి సాయంత్రం నాలుగు. ఆ తర్వాతే డబ్బు కట్టండి. ఇంటర్నేషనల్ బ్రేక్‌లో కూడా అంతే, ముగ్గురు ఆటగాళ్లు దేశం తరఫున వెళ్తే క్లబ్ వాయిదా అడగొచ్చు. అలా పోగైన మ్యాచులన్నీ మార్చి, ఏప్రిల్ మంగళవారాల మీద పడతాయి. బుధవారం పొద్దున ఆఫీసు స్టాండప్ మీటింగ్ ఉన్నవాళ్ల నెత్తిన అన్నమాట.

కార్డు కష్టాలు:

పేమెంట్ సంగతి నేను చెప్తా. 2020లో ఆర్‌బీఐ రూల్ వచ్చాక కొత్త కార్డులన్నీ దేశీయ వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తున్నారు. బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండు స్విచ్చులూ ఆన్ చేయాలి, లిమిట్ సున్నా ఉంటే పెంచాలి. ఫెయిలయ్యేవాటిలో సగం ఇక్కడే. దేశీయ రూపే కార్డుతో ఆశ పెట్టుకోకండి, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ వాడండి.

రూపాయల్లో కడతారా, పౌండ్లలో కడతారా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలంటే వాళ్ల రేటు, అది ఎప్పుడూ మనకి నష్టమే. విదేశీ కరెన్సీకి మన బ్యాంకు అదనంగా వేసే మార్కప్ కార్డుని బట్టి సుమారు 2 నుంచి 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 10 పౌండ్ల పాస్‌కి 3.5 శాతం లెక్కన మొత్తం 10.41 పౌండ్లు పడుతుంది. ఒక్క పాస్‌కి పెద్ద తేడా కాదు గానీ సీజనంతా కొనేవాళ్లు మార్కప్ తక్కువున్న కార్డు ఒకటి పెట్టుకోవడం మంచిది.

నెలనెలా దానంతటదే కట్ అయ్యే ప్లాన్ మాత్రం వద్దు. ఈ-మాండేట్ (నెలనెలా కట్ చేయడానికి బ్యాంకుకి ముందే ఇచ్చే అనుమతి) రిజిస్టర్ అవకపోతే మొదటి నెల కట్ అయి రెండో నెల ఆగిపోతుంది, అదీ సరిగ్గా కికాఫ్‌కి ఐదు నిమిషాల ముందు తెలుస్తుంది. ఎప్పటికప్పుడు విడిగా కొనుక్కోండి.

ఇంకోటి. కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలో రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ లాగిన్ అయ్యేసరికి గోల్ పోతుంది. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు అని రాసుంటే దానికి సరిపడే మినీ యూపీఎస్ పెట్టండి. యాంపియర్లు కూడా చూసుకోండి, అడాప్టర్ మీద 2 యాంప్స్ ఉండి యూపీఎస్ 1 యాంప్ ఇస్తే ఉపయోగం లేదు.

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:

అసలు ప్రశ్న దగ్గరికి ఇప్పుడొస్తున్నా. క్లబ్ ఆరోగ్యం పాయింట్ల పట్టికలో కనపడదు బాబూ. బరీ అనే క్లబ్‌నే చూడు. 2018 డిసెంబర్‌లో స్టీవ్ డేల్ ఆ క్లబ్‌ని ఒక్క పౌండుకి కొన్నాడు. ఆటగాళ్లకి జీతాలు సరిగ్గా అందని ఆ సీజన్లోనే లీగ్ టూలో రెండో స్థానంలో నిలిచి ప్రమోషన్ కొట్టారు. తర్వాతి సీజన్ 12 పాయింట్ల కోతతో మొదలైంది, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కరించారు. 1885లో పుట్టి, రెండుసార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన క్లబ్.

కాబట్టి జెర్సీ కొనే ముందు అరగంట కాగితాలు చూడు. క్లబ్ వెబ్‌సైట్ అడుగున కంపెనీ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటాయి, ఉండి తీరాలని అక్కడి చట్టం. ఆ నంబర్‌తోనే వెతుకు, ఎందుకంటే క్లబ్ పేరు ఒకటి, కంపెనీ పేరు ఇంకోటి కావచ్చు. అక్కడి కంపెనీల రిజిస్ట్రీ, కంపెనీస్ హౌస్ సైట్‌లో వెతకడం, పత్రాలు దింపుకోవడం అంతా ఉచితం.

మొదట ఫైలింగ్ హిస్టరీ. ప్రైవేటు కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో లెక్కలు ఇవ్వాలి. జూన్ 30న ముగిస్తే మార్చి 31 గడువు. పైన ఎర్రగా 'ఓవర్‌డ్యూ' అని కనపడితే అది మొదటి గంట. ఇందులో ఒక గడుసుతనం ఉంది: ఏఏ01 అనే ఫారంతో సంవత్సరాన్ని ఒక్క రోజు కుదిస్తే, నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలు గడువు దొరుకుతుంది. గడువుకి రెండు రోజుల ముందు ఆ ఫారం కనిపిస్తే, అదీ వరసగా రెండేళ్లు కనిపిస్తే, లోపల ఏదో ఉడుకుతోందని లెక్క.

తర్వాత ఛార్జెస్ ట్యాబ్. ఎవరి దగ్గర ఏం తాకట్టు పెట్టారో అందులో ఉంటుంది. మామూలు బ్యాంకు అయితే సరే. ఎప్పుడూ వినని బ్రిడ్జింగ్ ఫైనాన్స్ (కొద్దికాలానికి అప్పిచ్చే) కంపెనీ పేరుండి, స్టేడియం తాకట్టులో ఉంటే అనుమానించు. బరీ స్టేడియం గిగ్ లేన్ కూడా అలాగే తాకట్టులో ఉంది. అన్నిటికన్నా ముఖ్యం ఇదే: నేల ఎవరి పేరు మీద ఉంది? క్లబ్బు, స్టేడియం రెండు వేరు వేరు కంపెనీల్లో ఉంటే ఓనర్ క్లబ్‌ని వదిలేసి స్థలం ఉంచేసుకోగలడు. ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ కాపీకి 7 పౌండ్లు, 2024 డిసెంబర్ దాకా 3 ఉండేది. స్థలం అద్దెదైనా కంగారు లేదు, అద్దెకిచ్చింది స్థానిక కౌన్సిల్ అయి, లీజు దండిగా మిగిలి ఉంటే.

లెక్కల్లో లాభనష్టాల పేజీ దొరక్కపోవచ్చు, చిన్న కంపెనీలకి ఆ మినహాయింపు ఉంది. బ్యాలెన్స్ షీట్ చాలు. ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పు ఎంత, చేతిలో నగదు ఎంత చూడు. ఆ అప్పులో ఎక్కువ భాగం ఓనర్‌కే ఇవ్వాల్సిందైతే క్లబ్ ఆయన మూడ్ మీద బతుకుతోంది. నోట్స్‌లో 'గోయింగ్ కన్సర్న్' పేరా, అంటే కంపెనీ ఇకముందు నడుస్తుందా లేదా అన్న పేరా, వెతికి పట్టుకో. అందులో 'మెటీరియల్ అన్‌సర్టెన్టీ' అన్న మాట ఉంటే, ఎవరో ఒకరు డబ్బు పోస్తూ ఉండకపోతే నడవదని ఆడిటరే చెప్తున్నట్టు. లీగ్ వన్, లీగ్ టూల్లో జీతాల ఖర్చు ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని నియమం ఉందిగా అంటావేమో. ఓనర్ వాటాల రూపంలో పోసిన డబ్బు కూడా ఆదాయం కిందే లెక్కేస్తారు. జల్లెడకి అంత పెద్ద చిల్లి.

సీజన్ మధ్యలో చూడాల్సినవి రెండే. లీగ్ టూని నడిపే సంస్థ ఈఎఫ్ఎల్ సైట్‌లో ఎంబార్గో పేజీ ఉంది, ఏ క్లబ్ మీద ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ నిషేధం ఉందో, ఎందుకుందో అందులో వేస్తారు. కారణం పన్ను బకాయి అయితే తీవ్రంగా తీసుకో. రెండోది అధికారిక ప్రకటనల పత్రిక లండన్ గెజెట్, పన్ను శాఖ వేసే వైండింగ్-అప్ (కంపెనీని మూసేయమని కోరే) పిటిషన్లు అందులో ప్రకటనగా వస్తాయి. అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే బయటి నిర్వాహకుడి చేతికి వెళ్తే 12 పాయింట్ల కోత ఖాయం.

ఇంజరీ టైమ్:

బాబాయ్ చెప్పిందంతా నిజమే. కానీ లెక్కలు శుభ్రంగా ఉన్న క్లబ్‌ని ఎంచుకున్నా మనసు విరిగే దారులు బోలెడు. ఎక్సెటర్ సిటీని తీసుకోండి, 2003 నుంచి అభిమానుల ట్రస్టు చేతిలో ఉంది. 2005 జనవరిలో ఐదో అంచెలో ఉండగా ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 0-0తో ఆపారు. సొంత మైదానంలో రీప్లే 0-2తో ఓడినా, ఆ రెండు మ్యాచుల గేటు డబ్బే వాళ్లని అప్పుల్లోంచి లేపింది. ఇప్పుడా దారి మూసేశారు. 2024-25 నుంచి ఎఫ్ఏ కప్ మొదటి రౌండ్ మొదలుకొని రీప్లేలు లేవు, ఆరోజే పెనాల్టీలు. కింది క్లబ్బుల కోసమే పుట్టిన ఈఎఫ్ఎల్ ట్రోఫీలోకి 2016-17 నుంచి పెద్ద క్లబ్బుల కుర్రాళ్ల జట్లను దించారు, సొంత అభిమానులే చాలామంది ఆ మ్యాచులకి వెళ్లడం మానేశారు.

ఇక లోన్ ఆటగాళ్లు. 2024-25లో వాల్సాల్ లీగ్ టూలో 12 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. గోల్స్ కొట్టే నేథన్ లో (Lowe) లోన్ మీద వచ్చినవాడు, జనవరిలో అతని సొంత క్లబ్ స్టోక్ వెనక్కి పిలిపించుకుంది. వాల్సాల్ నాలుగో స్థానానికి జారి, వెంబ్లీలో ప్రమోషన్ తేల్చే ప్లేఆఫ్ ఫైనల్‌ని ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో 0-1తో పోగొట్టుకుంది. డిసెంబర్‌లో పట్టిక చూసి మురిసిపోయే ముందు, ఆ గోల్స్‌లో ఎన్ని సొంత ఆటగాళ్లవో లెక్కపెట్టుకోండి.

కింది స్థాయి ఫుట్‌బాలే కావాలంటే అశోక్ నగర్‌లో రాష్ట్ర అసోసియేషన్ స్టేడియం ఉంది, సూపర్ డివిజన్ మ్యాచులు అక్కడే. ఓటీపీ అక్కర్లేదు, టైమ్ జోనూ అక్కర్లేదు.

మారతహళ్లి మిడ్‌ఫీల్డర్:

అందరికీ థ్యాంక్స్. బాబాయ్, ఇంకొక్కటి. కాగితాలన్నీ బాగుండి, క్లబ్‌ని ఎంచుకున్నాక ఓనర్ మారి పాడుచేస్తే పాస్ కొనడం ఆపేయాలా? కొత్తగా రెగ్యులేటర్ వచ్చిందంటున్నారు, అది ఆపదా?

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:

రెగ్యులేటర్ సంగతి నిజమే. 2025 జూలైలో చట్టమైంది, పై ఐదు అంచెలకీ వర్తిస్తుంది, అంటే నేషనల్ లీగ్ పై డివిజన్ దాకా. క్లబ్ నడపాలంటే లైసెన్స్ కావాలి, కొత్త ఓనర్ డబ్బు ఎక్కణ్నుంచి తెస్తున్నాడో అడిగే అధికారం ఉంది. అంతమాత్రాన ఛార్జెస్ ట్యాబ్ చూడటం మానకు.

పాస్ ఆపడం గురించైతే బ్లాక్‌పూల్‌ని చూడు. ఓనర్లైన ఓయ్‌స్టన్ కుటుంబానికి ఒక్క పెన్నీ కూడా ఇవ్వం అంటూ అభిమానులు ఏళ్ల తరబడి సొంత మైదానానికి వెళ్లలేదు. 2019 ఫిబ్రవరిలో కోర్టు రిసీవర్‌ని (ఓనర్ ఆస్తుల్ని చేతిలోకి తీసుకునే అధికారిని) వేసింది, మార్చి 9న సౌథెండ్ మ్యాచ్‌కి 15 వేలకు పైగా జనం తిరిగొచ్చారు. అయితే ఓనర్‌ని దించింది బాయ్‌కాట్ ఒక్కటే కాదు. మైనారిటీ వాటాదారు వేసిన కేసులో 2017లో 3 కోట్ల పౌండ్లకు పైగా కట్టమని హైకోర్టు తీర్పిచ్చింది, అది కట్టలేకపోయారు. బాయ్‌కాట్ ఆ ఏళ్లన్నీ విషయాన్ని చల్లారనివ్వలేదు.

బెంగళూరు నుంచి నువ్వు ఆపే పది పౌండ్లతో ఓనర్ కదలడు. అక్కడి సపోర్టర్స్ ట్రస్టులో సభ్యత్వం తీసుకో, చాలా ట్రస్టులు విదేశాల వాళ్లని కూడా చేర్చుకుంటాయి, ఓటు కూడా ఉంటుంది. వాళ్లు బాయ్‌కాట్ అంటే నువ్వూ ఆపు. వాళ్లు గేటు దగ్గర టికెట్ కొంటున్నంత కాలం నువ్వూ పాస్ కొను. చేరే ముందు ఆ ట్రస్టుకి క్లబ్‌లో వాటా ఉందా, బోర్డులో సీటు ఉందా, ఉత్త సలహా సంఘమా అన్నది అడుగు. మెయిల్ రాస్తే జవాబిస్తారు.